నేను చూడని మైను

గల్ఫ్ యుద్ధం రోజుల్లో నడిసముద్రంలో తేలుతూ వచ్చిన మూడు మైన్లను నా రెండు కళ్ళతో కనిపెట్టి, ముప్ఫై మంది ప్రాణాలు కాపాడాను.

ఈ మాట రాజోలు వైపు చాలా పెళ్ళిళ్ళలో, అంతర్వేది తీర్థంలో, చించినాడ రేవులో పంటు కోసం నిలబడ్డప్పుడు, ఎదురుగా ఎవరు దొరికితే వాళ్ళకి చెప్పాను. వినేవాళ్ళు నోరు తెరుచుకుని వింటే మైన్లు నాలుగయ్యేవి. నోటితో చెప్పేటప్పుడు రాని సిగ్గు కలం పట్టుకునేసరికి వస్తోంది. అందుకని ముందే దిద్దుకుంటున్నాను. మైన్లు మూడు కాదు, ఒకటే. మనుషులు ముప్ఫై మంది కాదు, నాతో కలిపి ఇరవై ఆరుగురం. ఇక నా కళ్ళ సంగతి. అది ఒక్క వాక్యంలో తేలేది కాదు. కొంచెం ఓపిక పట్టండి.

ఇప్పుడు మన వైపు కుర్రాళ్ళు చాలామంది ఓడలెక్కుతున్నారు. వెళ్ళే ముందు ఒకరిద్దరు మా అరుగు మీద కూర్చుని, "తాతగారూ, యుద్ధంలో ఓడ మీద ఎలా ఉండేదండీ?" అని అడుగుతుంటారు. వాళ్ళకి ఇన్నాళ్ళూ మూడు మైన్ల కథే చెప్పి పంపించాను. ఇది వాళ్ళకి బాకీపడ్డ రెండో కథ.

నేను ఖలాసీని. తుప్పు గోకడం, రంగు వెయ్యడం, తాళ్ళు లాగడం, వంతు వచ్చినప్పుడు చుక్కాని పట్టుకోవడం నా పని. ఆ ఏడాది మా ఓడ బియ్యం బస్తాలతో సౌదీ రేవుకి బయల్దేరింది. మాది యుద్ధనౌక కాదు. మా దగ్గర ఉన్న ఆయుధాలన్నీ వంటవాడి కత్తిపీటలే. అయినా యుద్ధం బియ్యం ఓడనీ బాంబుల ఓడనీ వేరుచేసి చూడదు. రేవుల దగ్గర సముద్రంలో మైన్లు పాతారనీ, వాటిలో కొన్ని గొలుసులు తెంపుకుని ఎటుపడితే అటు తేలుతున్నాయనీ రేడియోలో చెప్పారు. మైను అంటే గంగాళం అంత నల్లటి ఇనప గుండు. చుట్టూ కొమ్ములుంటాయి. కొమ్ముకి ఓడ తగిలిందా, అంతే.

గల్ఫ్‌లోకి అడుగుపెట్టిన రోజు నుంచి మా బతుకు మారిపోయింది. అన్నం తినేటప్పుడు కూడా లైఫ్ జాకెట్ విప్పకూడదు. దానితో కూర్చుంటే కంచం కనపడదు, చారు గడ్డం మీదే. పేలుడికి తలుపు బిగుసుకుపోతే లోపలివాడు లోపలే ఉండిపోతాడని గదుల తలుపులన్నీ తెరిచి తాళ్ళతో కట్టేశారు. ఎవరు గురక పెడుతున్నారో, ఎవరు దేవుణ్ణి తలుచుకుంటున్నారో ఓడంతటికీ తెలిసిపోయేది. కువైట్ వైపు నూనె బావులు తగలబడుతున్నాయి. మిట్టమధ్యాహ్నం సూర్యుడు పాత రాగి చెంబులా ఉండేవాడు. ఆరేసిన బట్టల మీద మసి రాలేది.

అందరిలోకీ ఎక్కువ భయం ఇంజను గదివాళ్ళది. వాళ్ళు పనిచేసే చోటు నీటిమట్టానికి కింద. మైను తగిలితే మొదట నీళ్ళొచ్చేది వాళ్ళ మీదికే. ఆ ఇంజను గదిలోనే ఓడ మొత్తానికి నాతో తెలుగు మాట్లాడే ఒకే ఒక్క మనిషి ఉండేవాడు. యంత్రాలకి నూనె వేసి చూసుకునే ఆయిల్‌మాన్. కొత్తపేట వైపువాడు. చుట్టరికం ఏమీ లేదు. మొదటి రోజు "మీది రాజోలాండీ? అయితే బావగారన్నమాట" అన్నాడు. అప్పటినుంచీ ఇద్దరం బావగార్లమే. అతనివాళ్ళు తరాలుగా చెట్లెక్కి కొబ్బరి దింపు తీసేవాళ్ళు. మాట తక్కువ మనిషి. ఆ తక్కువ మాటల్లో నా కోతలకి మెచ్చుకోలు ఎప్పుడూ ఉండేది. అంతకన్నా మంచి స్నేహితుడు ఎవరికి దొరుకుతాడు?

ఆ కోతల్లో పెద్దది నా చూపు. "మా గట్టు మీద నిలబడితే అవతలి ఒడ్డున ఎవడు ఏ రంగు చొక్కా వేసుకున్నాడో చెప్పేస్తానండి" అనేవాణ్ణి. ఇది పూర్తిగా గాలి కబురు కూడా కాదు. మా ఊళ్ళో నాకు గద్ద కళ్ళవాడని నిజంగానే పేరుండేది. ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పాలి.

గోదావరికి వరదొస్తే పైనుంచి దుంగలు కొట్టుకొస్తాయి. జనం గట్టెక్కి కాపు కాస్తారు. మా గట్టున ఒక ధర్మం ఉంది. దుంగని ఎవడు ముందు చూసి కేకేస్తే దుంగ వాడిది. పడవేసుకెళ్ళి లాగినవాడికి కొమ్మలూ రెమ్మలూ. నాకు చిన్నప్పటినుంచీ దూరపు చూపు ఆనదు. నీళ్ళ మీద ఏ మసక కనిపించినా కేకేసేసేవాణ్ణి. చాలావరకు నురగో గుర్రపుడెక్కో అయ్యేవి. కానీ అందరికన్నా ముందు అరిచినవాణ్ణి నేనే కాబట్టి మిగిలిన దుంగలన్నీ నావే. చూపు సరిగ్గా ఉన్నవాళ్ళు దుంగో కాదో తేల్చుకునే లోపల నేను అరిచేసేవాణ్ణి. అలా గుడ్డివాడికి గద్ద కళ్ళని పేరొచ్చింది.

మరి ఓడలో ఎలా చేరావయ్యా అంటారు. బొంబాయిలో కంటి పరీక్ష చేశారు. గోడకి అక్షరాల అట్ట. వరసలో నా ముందున్నవాడు బయటికొచ్చి అందరికీ చెప్పాడు, నేను బట్టీ పట్టాను. డాక్టరు గారు కర్ర చివరి వరస మీద పెట్టేలోపే అప్పజెప్పేశాను. రెండో కన్ను మూయించారు. అదే వరస, అదే వేగం. ఆ తరవాత ఎన్నిసార్లు పరీక్షకెళ్ళినా అదే గోడ, అదే అట్ట. అట్ట పాతబడింది, నా కళ్ళు అంతకన్నా పాతబడ్డాయి, జ్ఞాపకం మాత్రం కొత్తగానే ఉంది. ఆ రోజుల్లో దాన్ని తెలివి అనుకున్నాను.

గల్ఫ్‌లో దిగిన మర్నాడు కెప్టెన్ గారు అందర్నీ పిలిచారు. తెల్లగడ్డం పెద్దాయన, గొంతు పెంచి మాట్లాడరు. ఓడ ముక్కు మీద పగలంతా ఒక మనిషి కాపలా ఉండాలన్నారు. అక్కడో ఇత్తడి గంట ఉంటుంది. కుడివైపు ఏదైనా కనిపిస్తే ఒక దెబ్బ, ఎడమవైపైతే రెండు, ఎదురుగా అయితే మూడు. దెబ్బల్ని బట్టి పైన చుక్కాని తిప్పుతారు, ఇంజను వేగం తగ్గిస్తారు.

"మంచి చూపున్నవాడు కావాలి" అన్నారు.

ఖలాసీల పెద్దని సరంగు అంటాం. మా సరంగు రత్నగిరివాడు. నా వీపు మీద ఒక్క చరుపు చరిచి, "వీడున్నాడు సార్. నది ఇవతల నిలబడి అవతలివాడి చొక్కా రంగు చెబుతాడట" అన్నాడు.

కాదందామని నోరు తెరిచాను. అందరూ నా వంకే చూస్తున్నారు, అందులో బావ కళ్ళు మెరుస్తున్నాయి. "ఎస్ సార్" అన్నాను.

మొదటి రోజు మా ఊరి గట్టు విద్యే ప్రయోగించాను. మసక కనిపిస్తే గంట. కొట్టినవాటిలో నూనె పీపా ఒకటి, చెక్కలు కొన్ని. ఇంకోటి చచ్చిన గొర్రె. గొర్రెల ఓడలవాళ్ళు చచ్చినవాటిని సముద్రంలో పారేసేవారు. అది ఉబ్బి, వెల్లకిలా పడి, కాళ్ళు పైకి పెట్టుకుని తేలుతుంటే మంచి చూపున్నవాడు కూడా మైను కొమ్ములే అనుకుంటాడు. సాయంత్రం తిట్లు పడతాయనుకున్నాను. కెప్టెన్ గారు మాత్రం, "పదిసార్లు తప్పు కొట్టు, పరవాలేదు. కొట్టవలసినప్పుడు కొట్టకుండా మాత్రం ఉండకు" అన్నారు. నా గుడ్డితనానికి పై అధికారి అనుమతి దొరికినట్టయింది.

రెండో రోజు సముద్రం నూనె పోసినట్టు నున్నగా ఉంది. గంటసేపు ఒక్క మసక కూడా లేదు. నాలో దిగులు మొదలైంది. ఇంతసేపు కొట్టకపోతే వీడు కునుకు తీస్తున్నాడనుకుంటారేమో. గట్టు మీద కూడా అంతే, కేకలు వినపడకపోతే పక్కవాడు వచ్చి మన చోట నిలబడతాడు. అందుకని, ఇదే నా నేరం, రాసేస్తున్నాను. నీళ్ళ మీద ఏమీ లేదు. నాకేమీ కనపడలేదు. ఊరికే చెయ్యెత్తి రెండు దెబ్బలు కొట్టాను.

ఓడ కుడివైపుకి తిరగడం మొదలైంది. కాసేపటికి వెనకనుంచి సరంగు కేక వినిపించింది. తిరిగి చూస్తే అందరూ ఎడమ కమ్మీ దగ్గరికి పరిగెత్తుతున్నారు. రెండు కొబ్బరిచెట్ల పొడుగు దూరంలో, మేము తిరక్కుండా ఉంటే సరిగ్గా మా ముక్కు వచ్చి తగిలే దారిలో, ఒక మైను తేలుతూ పోతోంది. కొమ్ములూ, ఒంటికి పట్టిన నాచూ, తెగిన గొలుసు ముక్కా కనిపించాయని అందరూ చెప్పుకున్నారు. నాకు కనిపించింది నల్లటి మరక. "అదే, అదే" అన్నాను తలాడిస్తూ.

కెప్టెన్ గారు యుద్ధనౌకలకి రేడియోలో కబురు చేశారు. లాగ్ పుస్తకంలో "కాపలా మనిషి చూసి హెచ్చరించాడు" అని రాశారు. సరంగు తన పళ్ళెంలో చేపతల తీసి నా పళ్ళెంలో వేశాడు. ఆ మనిషి చేపతల కన్నతల్లికైనా పెట్టడు. నేను తిన్నాను. రుచిగా కూడా ఉంది. చూసిన ఘడియ గురించి నలుగురూ అడిగితే, "ముందు గొలుసు మెరిసిందండి, అది చూసి పట్టేశాను" అని చెప్పాను.

సౌదీ రేవులో బస్తాలు దింపుతున్నంత కాలం నేను ఓడకి పెళ్ళికొడుకుని. ఖాళీ చేసుకుని మళ్ళీ అవే నీళ్ళలోంచి వెనక్కి వెళ్ళాలి. బయల్దేరే ముందు రోజు సాయంత్రం బావ నా పక్కన తాళ్ళ చుట్ట మీద వచ్చి కూర్చున్నాడు.

"బావగారూ, మీకో మాట చెప్పాలండి" అన్నాడు.

"చెప్పండి."

"ఇన్నాళ్ళూ కింద పనిచేస్తన్నానన్నమాటేగానీ నా చెవులు పైనే ఉండేయండి. నిచ్చెనకి బారెడు దూరం దాటి వెళ్ళేవోణ్ణి కాదు. ఆ మైను మీరు పట్టేసేక భయం పోయిందండి. నిజం చెప్పాలంటే ఆ రోజు పని దిగేక లైఫ్ జాకెట్ విప్పేసి మరీ పడుకున్నాను."

"విప్పకూడదండి" అన్నాను.

"ముందు మీరుండగా ఏవవుద్దండీ?" నవ్వాడు. "అందుకే రేపట్నించి టన్నెల్ డ్యూటీ నాకివ్వమని అడిగేనండి. మా జత ఆయిల్‌మానుకి అదంటే చెడ్డ భయం. ముగ్గురు పిల్లల తండ్రి. పోనీ నేనే చేస్తానన్నాను."

టన్నెల్ అంటే ఇంజను గది వెనక, ఓడ అడుగున, ప్రొపెల్లర్ ఇరుసు తిరిగే సన్నటి సొరంగం. వంగి నడవాలి. నిచ్చెన చాలా దూరం. నీళ్ళొస్తే అందులోవాడు బయటపడడం కల్ల. తిరిగొచ్చే దారిలో మా బావ నా కళ్ళని నమ్ముకుని అందులో కూర్చోబోతున్నాడు.

నిజం చెబితే ఓడెక్కడానికి అనుమతిచ్చే నా సీమన్ పుస్తకం లాగేసుకుంటారు, ఇంటికి పంపేస్తారు, ఇంక ఏ ఓడా ఎక్కించుకోదు. చెప్పకపోతే బావ సొరంగంలో ఉంటాడు, నేను పైన నిలబడి మసకల్ని లెక్కపెడతాను. పొద్దున్నే సింహంలా కెప్టెన్ గారి దగ్గరికి నడిచాను. అబద్ధం. రెండుసార్లు మెట్ల దాకా వెళ్ళి వెనక్కొచ్చాను. మూడోసారి సరంగు ఎదురుపడి "ఏం కావాలి?" అంటే, ఏమీ తోచక "కెప్టెన్ గారు" అన్నాను. అతనే తీసుకెళ్ళాడు.

చెప్పాను. అట్ట సంగతీ చెప్పాను. కెప్టెన్ గారు నమ్మలేదు. వేలు చాపి, "అదిగో, ఆ లంగరేసిన ఓడ పేరు చదువు" అన్నారు.

"ఏ ఓడ సార్?"

"దాని పక్కది?"

"పక్కన ఇంకోటి కూడా ఉందా సార్?"

సరంగు తల పట్టుకున్నాడు. "నా చేపతల" అన్నాడు మెల్లగా.

"మరి ఆ రోజు రెండు దెబ్బలు ఎలా కొట్టావు?" అన్నారు కెప్టెన్ గారు.

"ఊరికే సార్. చాలాసేపు కొట్టకపోతే నిద్రపోయాననుకుంటారని."

ఆయన కమ్మీ పట్టుకుని నీళ్ళ వైపు తిరిగారు. ఆ భుజాలు కదులుతుంటే కోపమో నవ్వో తెలియలేదు. నాకు అంత దూరం ఆనదు కదా. ఇటు తిరిగాక మాత్రం మొహంలో నవ్వు లేదు.

"పుస్తకంలో రాసింది కొట్టెయ్యను. ఓడ తప్పించుకున్నమాట నిజమే. కానీ నువ్వు ఇంకెప్పుడూ ఆ గంట దగ్గర నిలబడవు. ఈ ఓడలో నిజంగా చూపున్నవాడెవడు?"

"మా బావండి" అన్నాను. దింపు తీసేవాళ్ళకి చూపే ప్రాణం. చెట్టు కింద నిలబడి ఏ గెల ముదిరిందో, ఏ మట్ట చాటున కందిరీగల పట్టుందో చూసి చెప్పాలి. లేదన్నచోట పట్టు ఉంటే పైకెక్కినవాడు కింద పడతాడు. అందుకే వాళ్ళు చూడకుండా మాట అనరు. ఇదంతా వచ్చీరాని హిందీలో చెప్పాను.

"మరి సొరంగంలో అతని బదులు ఎవరు?"

"నేను" అన్నానని చాలాకాలం చెప్పుకున్నాను. నిజానికి ఆ మాట అన్నది సరంగు. "వీడే" అన్నాడు. నేను కాదనలేదు. నా ధైర్యం అంతవరకే.

ఆ కబురు బావకి నా నోటితోనే చెప్పమన్నారు. తాళ్ళ దగ్గరే చెప్పాను. గోళ్ళలో మసి గీక్కుంటూ విన్నాడు.

"అంటే మీరు చూళ్ళేదాండి?"

"లేదండి."

"గంట కొట్టేరు కదండి."

"కొట్టేను."

"మరి నేను జాకెట్ విప్పి పడుకున్నది దేన్ని నమ్మండి?"

బావ లేచి నాలుగడుగులు వెళ్ళి మళ్ళీ వచ్చాడు. "మా బావగారిది గద్ద చూపని మా ఆవిడకి ఉత్తరం కూడా పడేసేనండి. ఇప్పుడదేం చెయ్యమంటారు?"

"గద్ద ముసలిదైపోయిందని ఇంకోటి రాయండి."

నవ్వలేదు. కానీ, "టన్నెల్‌లో తల జాగ్రత్తండి. మూడో లైటు దగ్గర పైపు కిందకుంటాది, మీకసలే ఆనదు" అన్నాడు. ఆ మాటతో నాకు ఊపిరొచ్చింది.

తరవాత ఏమైందో ఇక్కడే చెప్పేస్తాను. ఉద్యోగం పోలేదు. బొంబాయి చేరాక కెప్టెన్ గారు పైవాళ్ళకి ఏమి రాశారో తెలియదు గానీ, నాకు కళ్ళద్దాలు పెట్టించి ఇంజను గదికి మార్చారు. పన్నెండేళ్ళకి అక్కడే మళ్ళీ యుద్ధం వచ్చినప్పుడు కూడా నేను ఓడ అడుగునే ఉన్నాను. పైన నిలబడినవాడెవడైనా సరే, దిగేముందు వెళ్ళి పలకరించి, అతని కళ్ళలోకి ఒకసారి చూసి దిగేవాణ్ణి. మీలో పైన కాపలా కాసేవాళ్ళుంటే ఇది గుర్తుంచుకోండి. కిందవాడికి కిటికీ ఉండదు.

నాకు ఆ సంగతి తెలిసింది ఆ తిరుగు ప్రయాణంలోనే. సొరంగంలో ఇరుసు తిరుగుతుంటే పళ్ళు అదురుతాయి. పక్కన రేకు అవతల సముద్రం రుద్దుకుంటూ పోతుంటుంది. గంట మోత అక్కడికి రాదు. పైన ఏం జరుగుతోందో ఇరుసు వేగాన్ని బట్టి ఊహించుకోవాలి. నేను నూనె గిన్నెలు చూస్తూ, చెయ్యి వేడి బేరింగు మీద పెట్టి కూర్చున్నాను. రెండు గంటలు గడిచాయో లేదో ఇరుసు నెమ్మదించింది. తరవాత ఆగిపోయింది.

అంత నిశ్శబ్దం నా జన్మలో వినలేదు. రేకు మీద నీళ్ళు తట్టే చప్పుడొక్కటే. పరిగెత్తాలనిపించింది, ఎటు పరిగెత్తాలో తెలియలేదు. అప్పుడు అర్థమైంది, నేను పైన ఊరికే గంట కొట్టిన ప్రతిసారీ ఓడ వేగం మారిందనీ, ఇక్కడున్నవాళ్ళ గుండెలు ఇలాగే ఆగాయనీ. పీపాకీ, గొర్రెకీ, నా పేరు నిలబెట్టుకోవడానికీ. ఎంతసేపు అలా ఉన్నానో చెప్పలేను. మళ్ళీ ఇరుసు కదిలింది. ఆ తరవాత నా వంతు ముగిసేదాకా ఒక్కసారి కూడా వేగం మారలేదు.

మారకపోయేసరికి ఇంకో భయం పట్టుకుంది. నేనైతే ఈపాటికి నాలుగుసార్లు కొట్టేవాణ్ణి. బావ ఎందుకు కొట్టడం లేదు? పని దిగగానే నూనె చేతులతోనే పైకి వచ్చి ఓడ పొడుగునా నడిచాను. బావ ముక్కు మీద కమ్మీకి పొట్ట ఆనించి, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడి ఉన్నాడు. నా అడుగుల చప్పుడు విన్నాడు గానీ తల తిప్పలేదు.

"ఇందాక ఆగిందేంటండీ?" అన్నాను.

"ఎదురుగా ఏదో తేలతా వస్తే మూడు కొట్టేనండి. దగ్గరికొచ్చేక చూస్తే చేపల వల బుడ్డి."

"మరి ఆ తరవాత ఏవీ కొట్టలేదే?"

"కొట్టడానికేం లేదండి."

"ఏమీ లేదా?"

"ఆయ్" అన్నాడు బావ, కళ్ళు నీళ్ళ మీంచి తియ్యకుండానే. "చూసే చెప్తన్నానండి. ఏమీ లేదు."